యువ వాద్యబృందము - దాని నాయకుడు
(రజతోత్సవ సభలో గావించిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుటకు నన్నాహ్వానించినందులకు కృతజ్ఞుడను. గ్రంథాలయసభలో సంగీత ప్రసంగమేల యని మీలో కొందరికి తోపవచ్చును. వెల యడుగక పిల్లలకు విద్య నందింప పూనుకొన్న సంస్థలన్నియు ఒకే కుటుంబమునకు చెందినవి. ఆ కుటుంబములో దూరదేశమందున్న యొక బంధువును గూర్చి నేడు మనవి చేసెదను.

మన కచేరీలో గాయకుడో వైణికుడో ప్రధానుడు. తక్కినవారు ఆయన మనోధర్మము ననుసరింతురు. పాశ్చాత్యుల ఆర్కెస్ట్రాయందు ఎనుబది, నూరుమంది కలిసి వాయింతురు. ఫిడేళ్లు, వేణువులు, కొమ్ములు, భేరీలు - ఎవరు వాయింపవలసినది వారికి స్వరలిపిలో ముందుగనే వ్రాయబడి యుండును. ఫిడేలు వాయించువారు ఇద్దరిద్దరుగా కూర్చుందురు. ఇద్దరికిని ఒకే పుస్తకము. పుట ముగియునప్పుడు లోపలివైపు వాడు తన వాద్యమును క్షణకాల మాపి పుట త్రిప్పును. నాదము తెగకుండ రెండవవాడు వాయించుచునే యుండును.

వీరి యెదుట చిన్న కోల చేతబట్టి నిలుచువాడు కండక్టరు. కండక్టరనగనే మనకు బస్సు తలపునకు వచ్చును. ఇతడును అందరిని ఒకే సమయమునకు ఒకే చోటికి చేర్చువాడే! కుడిచేత కాలప్రమాణము చూపును; ఎడమచేత నాదపు హెచ్చుతగ్గులను, ఎవరెప్పు డందుకొనవలెనో ఆ సంజ్ఞను తెలుపును. అంతమందిలో శబ్దము చేయనివాడు ఆతడొక్కడే. ఇతరులు వాయించినగాని ఆతని విద్య లోకమునకు వినబడదు.

దక్షిణ అమెరికాలోని వెనిజులా చమురు సంపద గల దేశము. అయినను అచట పేదలు మెండు. 1975లో జోసే ఆంటోనియో అబ్రెయు అను ఆర్థికశాస్త్రవేత్త, సంగీతజ్ఞుడు, రాజధాని కరాకస్‌లో కార్లు నిలుపు శాలయొకదానిలో యువ వాద్యబృందము నారంభించెను. తొలి అభ్యాసమునకు వచ్చినవారు 11 మంది మాత్రమే. ఆయన వెనుదీయలేదు. ఆ పదునొకండుగురితో మొదలైన ఉద్యమము 'ఎల్ సిస్టెమా' యను పేరున దేశమంతట వ్యాపించి, లక్షలాది బాలబాలికలకు వాద్యము నేర్పినది. ప్రభుత్వములు మారినను ప్రభుత్వధనము దానికి అందుచునే వచ్చినది.

వారి బోధనాపద్ధతి గమనింపదగినది. పిల్లలు బడి విడిచిన పిమ్మట వారములో పెక్కుదినములు కేంద్రమునకు వత్తురు. పసివారు మొదట కాగితముతోను అట్టతోను చేసిన నమూనా ఫిడేలు పట్టుకొని, కూర్చుండు తీరును, కమాను పట్టు తీరును నేర్తురు. అసలు వాద్యము చేతికి వచ్చునాటికి దానిని జాగ్రత్తగా చూచుకొను అలవాటు కుదిరియుండును. ముందు నేర్చినవారు వెనుక వచ్చినవారికి నేర్పుదురు. చెవులు వినబడని పిల్లలు సయితము తెల్లని చేతితొడుగులు ధరించి, హస్తముల కదలికతో గానమున పాల్గొందురు.

ఈ బృందములనుండి వచ్చినవాడే గుస్తావో దుదమెల్. 1981లో బార్కిసిమెతో నగరమున జన్మించి, బాల్యమున ఫిడేలు నేర్చి, 1999లో పదునెనిమిదేండ్ల ప్రాయమున సిమోన్ బొలివార్ యువ వాద్యబృందమునకు నాయకుడయ్యెను. 2004లో జర్మనీలోని బాంబెర్గ్ నగరమున మాలర్ పేరిట జరిగిన కండక్టర్ల పోటీలో ప్రథమ బహుమానము నందెను. 2009లో అమెరికాలోని లాస్ ఏంజిల్స్ ఫిల్‌హార్మోనిక్ బృందమునకు సంగీతనిర్దేశకుడయ్యెను.

ఇది యంతయు వెలుగే యని చెప్పిన సత్యమునకు లోపము చేసినవాడనగుదును. 2014లో జెఫ్రీ బేకర్ అను ఆంగ్ల పరిశోధకుడు ఈ సంస్థను విమర్శించుచు గ్రంథము వెలువరించెను. పైనుండి వచ్చు ఆజ్ఞయే అచట సర్వమనియు, ప్రచారమైనంతగా నిరుపేదలకు విద్య అందలేదనియు ఆయన వాదము. 2017లో వీధులలో నిరసనలు చెలరేగినప్పుడు ఈ సంస్థలో శిక్షణ పొందిన పదునెనిమిదేండ్ల వాద్యకారుడొకడు ప్రాణము కోల్పోయెను. అంతవరకు మౌనియని నిందలు మోసిన దుదమెల్ అప్పుడు నోరు విప్పి పాలకులను ప్రశ్నించెను. కొలది నెలలకే యువబృందము తలపెట్టిన అమెరికా పర్యటనను ప్రభుత్వము రద్దుచేసెను. నాయకుని మాటకు వెల చెల్లించినవారు పిల్లలు. 2018లో అబ్రెయు కన్నుమూసెను. 2021 నవంబరులో కరాకస్‌లో 8,573 మంది కలిసి వాయించి ప్రపంచ రికార్డు నెలకొల్పిరి.

ఆ వేలసంఖ్య చూచి నాకు కలుగు ఆశ్చర్యము గొప్పదే. అయినను, ఒకే పుస్తకము ముందు కూర్చున్న ఆ ఇద్దరు పిల్లలపై నాకు అంతకంటె ఎక్కువ నమ్మకము. ధనమిచ్చు ప్రభువులు మారుదురు. గొప్ప నాయకులు గతింతురు. పక్కవానికి నేర్పు అలవాటు పిల్లలలో నాటుకొన్నచోట విద్య నిలుచును.

మన సంగతి చూతము. ఇరువదియైదేండ్లు పెద్దలు చందాలు పోగుచేసి, బీరువాలు నింపి, ఈ దీపము ఆరకుండ కాపాడినారు. వారి తలలు నెరసినవి. పఠనమందిరమున సాయంకాలము ఖాళీ కుర్చీలు నానాటికి పెరుగుచున్నవి. కావున కార్యవర్గమువారికి ఒక విన్నపము. ఉన్నత పాఠశాల విద్యార్థు లొక్కొక్కరికి ఇద్దరేసి చిన్నపిల్లల నప్పగించి, వారమున కొకనాడు పుస్తకము చదివి వినిపింపజేయుడు. పుస్తకము లిచ్చుపుచ్చుకొను చిట్టా వ్రాయు పనిని, ఒక తాళపుచెవిని సయితము వారి చేతికిండు. ఒకటి రెండు పుస్తకములు పోయిన పోవుగాక! స్వర్ణోత్సవము జరుపుటకు మనుషులు మిగులుదురు.