పక్షములోపలి వోటు: శ్రేయమా, ప్రేయమా?



విద్యార్థి వసతిగృహమునుగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు పెద్దలు చక్కగా ప్రసంగించిరి. మేము రాజకీయమునకు సంబంధించిన యొక చిన్నవిషయమును విన్నవింపదలచితిమి. మనవారు అన్ని పక్షములలోను ఉన్నారు. ఈ వేదిక ఏ పక్షమునకును చెందినది కాదు. కాని యే పక్షమున నున్నవానికైనను ఎప్పుడో యొకప్పుడు పక్షములోపల వోటు చేయవలసిన సందర్భము వచ్చును. సంఘాధ్యక్షుని ఎన్నుకొనుటకో, అభ్యర్థిని సూచించుటకో మన యభిప్రాయ మడుగుదురు. ఆ వోటును దేనిని జూచి వేయవలయును? ఇదియే మా ప్రసంగవిషయము.

బహిరంగ ఎన్నికలో మనము విస్తరిలో వడ్డించినదానినే తినవలయును. వంట యేదో నిర్ణయింపబడునది వంటయింటిలో. అమెరికాలో అభ్యర్థిని నిర్ణయించుటకే ముందుగా ప్రైమరీ యను ఎన్నిక జరుపుదురు. అచ్చట పౌరులైన మన బిడ్డలు అందు పాల్గొనుచున్నారు. మనదేశమున అట్టి చట్టము లేదు. 2014లో కాంగ్రెసువారు కొన్ని లోక్‌సభ స్థానములలో ఆ పద్ధతిని ప్రయత్నించిరిగాని యది వేళ్లూనలేదు. కావున పక్షములోపలి వోటు మనకు అరుదుగా లభించును. అరుదైనదానిని మఱింత జాగ్రత్తగా వాడుకొనవలయును గదా.

కఠోపనిషత్తు శ్రేయస్సునకును ప్రేయస్సునకును భేదము చెప్పినది. హితమైనది యొకటి, ఇంపైనది మఱియొకటి. రాజశబ్దమునకు ప్రజలను రంజింపజేయువాడని పెద్దలు వ్యుత్పత్తి చెప్పిరి. ఆ రంజనము పాలనవలన కలుగు సంతోషమేగాని ముఖస్తుతివలన కలుగు సంతోషము కాదు. నేడు జనాకర్షణ యని మనము పిలుచునది తఱచుగా రెండవదియే.

దూరపు దృష్టాంతము లేల? మన నరసరావుపేట ప్రాంతమువారైన కాసు బ్రహ్మానందరెడ్డిగారి చరిత్రయే చాలును. వారు మన కులమువారా కారా యనునది ఈ విచారణకు అక్కరలేదు. 1977 మార్చి ఎన్నికలలో కాంగ్రెసు దేశమున ఓడినను ఆంధ్రప్రదేశమున 42 స్థానములలో 41 గెలిచెను. ఆ మే నెలలో అఖిలభారత కాంగ్రెసు సంఘసభ్యులు వోట్లువేసి బ్రహ్మానందరెడ్డిగారిని అధ్యక్షునిగా ఎన్నుకొనిరి. వారు అత్యవసర పరిస్థితికాలమున కేంద్ర గృహమంత్రిగా నున్నవారే. ఇందిరాగాంధీగారి యామోదముతోనే గెలిచినవారే. వారిని నిర్దోషి యని చెప్పుటకు మేమిచ్చటికి రాలేదు. మనము గమనింపవలసినది అటుపిమ్మట పుట్టిన ప్రశ్న.

1978 జనవరి మొదటి దినములలో ఇందిరాగాంధీగారి యనుయాయులు ఢిల్లీలో వేరుగా సమావేశమై యామెనే అధ్యక్షురాలిగా ప్రకటించిరి. రెడ్డిగారి పక్షము ఆమెను బహిష్కరించెను. సభ్యుల యెదుట నిలిచిన ప్రశ్న యిది: నియమప్రకారము ఎన్నికైన అధ్యక్షుడు పక్షమునకు పెద్దయా, లేక జనసమూహమును రప్పింపగల వ్యక్తియా? ముఖ్యమంత్రి జలగం వెంగళరావుగారు మొదటివైపున నిలిచిరి. ఆ ఫిబ్రవరిలో జరిగిన శాసనసభ ఎన్నికలలో 294 స్థానములకు ఇందిరా కాంగ్రెసునకు 175 వచ్చెను. రెడ్డి కాంగ్రెసునకు 30 మాత్రమే. రెడ్డిగారు అధ్యక్షపదవిని వదలుకొనిరి. నాటినుండి పక్షములలో నియమావళి అలంకారమై, వ్యక్తియే సర్వస్వమగుట యెంతగా పెరిగినదో మీకు తెలియును. ఆ వ్యాధి యిప్పుడు ఒక్క పక్షమునకు పరిమితము కాదు.

ప్రజలు కోరినదే ప్రజాస్వామ్యము గదా యని కొంద రనవచ్చును. నిజమే. ప్రజల తీర్పు బహిరంగ ఎన్నికలో శిరోధార్యము. కాని ఆలోచించి నిర్ణయించినదానిని ప్రజల ముందుంచుటకే పక్షమున్నది. పక్షమును గాలివాటమున పోయినచో ప్రజలకు ఎన్నుకొనుట కేమి మిగులును? 1983 ఎన్నికల సమయమున నందమూరి తారక రామారావుగారు కిలో బియ్యము రెండు రూపాయల కిచ్చెద మనిరి. అధికారమున నున్న కాంగ్రెసువారు రూపాయి తొంబది పైసలకే యనిరి. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట ధర్మమే, దాని నాక్షేపింపము. కాని ఎన్నికల యెదుట పది పైసలు తగ్గించుట ధర్మబుద్ధి కాదు, వేలపు పాట. ఆ పాట నాటితో ముగియలేదు. పాడువాడు పాడును, అప్పు మాత్రము మన మనుమలు తీర్చవలయును.

సిద్ధాంతమును నమ్మినవానికి విజయము నిశ్చయమని మేము చెప్పము. నిడుబ్రోలు నివాసి ఆచార్య రంగాగారు 1959లో సహకార వ్యవసాయ తీర్మానము రైతు భూమికి ముప్పని కాంగ్రెసును వీడి, రాజాజీగారితో కలిసి స్వతంత్రపక్షమును స్థాపించిరి. 1962లో తెనాలియందు ఓడిరి. ఆ యేట ఆంధ్రప్రదేశ శాసనసభలో ఆ పక్షమునకు వచ్చినవి 19 స్థానములే. తుదకు రంగాగారును కాంగ్రెసునకే మరలి, 1980లో గుంటూరునుండి ఇందిరా కాంగ్రెసు పక్షముననే గెలిచిరి. అయినను వారి యభ్యంతరము వ్యర్థము కాలేదు. సమష్టి వ్యవసాయము మన పల్లెలకు రాలేదు. రైతు తన గట్టుమీద తాను నిలిచియే యున్నాడు.

పూర్వమర్యాదారక్షణ మన్నచో పాత దురాచారములను పట్టుకొని వ్రేలాడుట యని యెవరును భావింపకుందురుగాక. పల్నాటి బ్రహ్మనాయుని చాపకూడును మన పూర్వమర్యాదయే. మేము రక్షింపుమనునవి నాలుగే: వ్రాసికొన్న నియమము, ఆదాయమునకు తగిన వ్యయము, రైతు భూమిపై రైతు హక్కు, ఓడినవాడు ఓటమి నొప్పుకొను మర్యాద. కోడిపందెమునకు రాజ్యమొడ్డిన కథ మన కారెంపూడి నేలకు క్రొత్తది కాదు. సంబరమును జూచి పెద్దఱికమిచ్చిన ఫలము మన పల్లెలలో నేటికిని పాటలుగా వినబడుచునే యున్నది.

ఇక మన సంఘమునుగూర్చి యొక్క మాట. పక్షములోపల ఎన్నిక వచ్చినప్పుడు "మనవాడు గదా" యని సంఘము పేరిట వోటడుగుటయు జనాకర్షణయే. జనము చిన్నది, అంతే భేదము. మనవాడు యోగ్యుడైనచో కులము చెప్పనక్కరలేదు. అయోగ్యుడైనచో కులము చెప్పుట మనకే తలవంపు. కావున ఈ సంఘము పేరిట ఎవ్వరికిని పక్షములోపలి వోటును అడుగరాదని కార్యవర్గమువారు తీర్మానింపవలెనని మా ప్రార్థన. పోషకులలో కొందరికిది రుచింపకపోవచ్చును. వారిని క్షమింపుమని కోరుచున్నాము.

వోటుచేయు యువకులు అభ్యర్థిని మూడు ప్రశ్న లడుగుదురుగాక. ఇచ్చెదనన్నదానికి ధన మెక్కడిది? తనకు నష్టము కలిగినను నియమమునకు లోబడునా? జనులకు ఇంపుకాని మాట నొక్కటియైనను బహిరంగముగా ఎన్నడైన చెప్పెనా? మూడవదానికి ఉత్తరము లేనివానికి వోటు వేయవలదు.