ఇంటి పాటకు ధ్వనిముద్రణ

ఖమ్మము చేలు దాటి, పాల్వంచ మీదుగా భద్రాచలము అడవి అంచునకు చేరువరకు, ప్రతి గ్రామములోను ఎవరో ఒకరు పాడుచునే ఉందురు. భజనలలో రామదాసు కీర్తనలు, పెండ్లిండ్లలో మంగళహారతులు, నాట్ల కాలమున పొలము పాటలు, కోయగూడెములలో రేల పాటలు. ఇంటివారు వానిని ఫోనుతో పట్టి మా వద్దకు పంపుచుందురు. పాట బాగుగానే ఉండును. ధ్వని బాగులేక ప్రసారమునకు నోచుకొననివి అనేకములు. ఆ సంగతి వారికి తెలియజేయుట మాకు కష్టమైన పని.

ఒకటి జ్ఞాపకమున్నది. దుమ్ముగూడెము వైపునుండి ఒక కుటుంబమువారు తమ నాయనమ్మ పాడిన మంగళహారతిని పంపిరి. క్రొత్తగా కట్టిన స్లాబు ఇల్లు, నున్నని బండలు, తలపై పంకా. ఫోను గది రెండవ మూలనున్న బల్లపై పెట్టిరి. ఆమె గొంతు బావిలోనుండి వచ్చినట్లుండెను. పంకా రొదను యంత్రముతో తీసివేయ యత్నించితిమి. రొదతోబాటు ఆమె ఊపిరియు, సకార షకారములును కొట్టుకొనిపోయెను. మరల ఒకమారు పాడించి పంపుడని వ్రాసితిమి. ఆమె నెల క్రిందటనే గతించినదని బదులు వచ్చినది.

మంచి మైకు కొనియుండిన ఆ పాట దక్కెడిదని వారు బాధపడిరి. మే మట్లు తలంపము. ఆ ఫోనునే ఆమెకు మూరెడు దూరమునకు తెచ్చి పంకా ఆపియుండిన చాలును. గాయకుని కంఠము మైకును రెండు త్రోవల చేరును: ఒకటి నేరుగా, రెండవది గోడలకును కప్పునకును తగిలి మరలి. దూరము రెట్టింపైనప్పుడు నేరుగా వచ్చునది 6 డెసిబెల్లులు తగ్గును. మరలి వచ్చునది గది అంతటను ఇంచుమించు ఒకే తీరున నిండియుండును. కావున దూరము పెరిగినకొలది గాత్రము సన్నగిల్లి గది మిగులును. ఎదుట కూర్చున్నప్పుడు మన చెవి మనకు కావలసిన స్వరమును ఏరుకొనును. మైకునకు ఆ వివేకము లేదు. మీ రేడియోలో వార్తలు చదువువారి గొంతు అంత దగ్గరగా వినవచ్చుటకు కారణము వారు మైకునకు జానెడు, జానెడున్నర దూరమున, మెత్తని గోడల గదిలో కూర్చుండుటయే.

అట్టి గది పల్లెలలో లేదని అనుకొనవద్దు. తాటాకు కప్పు, మట్టి గోడలు గల పాత ఇల్లు ధ్వనిని చాలవరకు పీల్చుకొనును. స్లాబు ఇంటికంటె అదియే మేలు. రేకుల ఇల్లు వాన కాలమున పనికిరాదు. స్లాబు ఇల్లే గతియైనచో ధాన్యపు బస్తాలున్న గదిని ఎన్నుకొనుడు. దండెముపై బొంతలు, దుప్పట్లు వ్రేలాడదీయుడు. నడుమ నిలిచి ఒక్క చప్పట కొట్టి వినుడు. అది గణగణలాడినచో ఇంకొక బొంత కావలెను.

మా ప్రాంతపు వేసవిలో పంకా ఆపుమనుట దౌర్జన్యమే. రాత్రియైనచో కీచురాళ్ళు. అందుచేత తెల్లవారిన తరువాత, ఎండ ముదురకముందు పాడించుట మంచిది. కోడికూతను మేము క్షమింతుము. రెండు చరణముల నడుమ దానిని కత్తిరింపవచ్చును. పాట పొడుగునను తిరుగు పంకాను ఏమియు చేయలేము.

భద్రాచలమును గూర్చిన పాటలలో ఒక చిక్కు కలదు. 'భ'కారము పలుకునప్పుడు నోటినుండి గాలి విసురుగా వచ్చి మైకుపై 'ఢబ్' మనును. మైకును నోటికి ఎదురుగాక కొంచెము ప్రక్కకు పెట్టినచో ఆ గాలి తప్పిపోవును. మరియొకటి: కొన్ని ఫోనులు రొదను తామే అణచివేయును. ఎడతెగక మ్రోగు శ్రుతిపెట్టెను గూడ రొద యనుకొని మ్రింగివేయును! అమరికలలో ఆ సదుపాయమును కట్టివేయుడు. ధ్వని సూచిక ఎంత పైకి పోయినను సున్నకు 6 డెసిబెల్లుల దిగువననే నిలువవలెను. సున్నను తాకినచో పగిలిన ధ్వనిని ఎవరును అతుకలేరు.

భజన బృందమునకు ఒక్క మైకు చాలును. జరుపవలసినది మనుష్యులను. పాడువారు ముందు, హార్మోనియము వెనుక, తాళములు అన్నిటికంటె దూరము. డోలి విషయము వేరు. కోయల డోలి కళాకారులలో తానే వాయించుచు తానే పాడువారుందురు. అప్పుడు మైకును నోటికి దగ్గరగా ఎత్తి పెట్టవలెను. డోలి దానంతట అదే వినబడును. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యగారు సమ్మక్క సారలమ్మల గాథను కోయభాషలోను తెలుగులోను గానము చేసిన డోలి కళాకారులు. 2022లో పద్మశ్రీ పొందిరి, 2024లో కీర్తిశేషులైరి. అటువంటి గాథలు ఎక్కువగా కంఠములయందే నిలిచియున్నవి.

రామదాసు కీర్తనల సంగతియు అట్టిదే. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు విజయవాడ కేంద్రపు 'భక్తిరంజని'లో పాడిన బాణీలు ఇంటింటికి చేరినవి. ఈ ప్రాంతమున కొందరు వృద్ధులు పాడగా మేము విన్న బాణీలు వేరు. రేడియోవారమైన మేమే ఒప్పుకొనవలసిన మాట యిది: మా బాణీ నిలిచినది, వారిది మరుగున పడుచున్నది. మీ ఇంట అట్టి బాణీ ఉన్నచో మొదట దానిని పట్టుడు.

పట్టినదానిని కుదింపని వేవ్ ఫైలుగా, సెకనుకు 48,000 నమూనాల చొప్పున దాచుడు. వాట్సాప్‌లో శబ్దసందేశముగా పంపినచో నాణ్యము తరిగిపోవును, డాక్యుమెంటుగా పంపుడు. ఒక ప్రతి ఫోనులోనుండగా, మరియొకటి వేరొక ఇంట ఉండవలెను.

పాట ముగిసిన వెంటనే యంత్రమును ఆపవద్దు. చివరి స్వరము పూర్తిగా చల్లారనిండు. పిమ్మట పది సెకనులు ఎవరును కదలక, మాటలాడక ఉండవలెను. ఆ గది నిశ్శబ్దము అతుకులు వేయునప్పుడు మాకు పనికివచ్చును. తరువాత పాడినవారు తమ పేరు, ఊరు, తేది, ఆ పాటను ఎవరివద్ద నేర్చినది తమ నోటనే చెప్పవలెను. మెచ్చుకోలు ఆ పైన.