జోడు తప్పిన గుండె

పసుపు బండికి కట్టిన జోడెద్దులలో ఒకటి వెనుకబడినచో ఏమగునో పెర్కిట్ రైతులకు చెప్పనక్కరలేదు. గుండె క్రింది గదులు రెండింటికిని విద్యుత్సంకేతము ఒక్కమారే అందవలెను. ఎడమ శాఖ చెడినచో ఆ ప్రక్క ఆలస్యముగా ముడుచుకొనును. నీరసించిన గుండె మరింత నీరసించును.

1958లో స్వీడను దేశమున తొలి పేస్‌మేకరును దేహములో అమర్చుకొనిన ఆర్నె లార్సన్, యంత్రములు మార్చుకొనుచు 2001 వరకు జీవించెను. అయినను కుడి గదిని మాత్రమే నిత్యము తట్టు తీగ, కొందరియందు ఎడమ ప్రక్కను వెనుకబడజేయునని పిమ్మట తేలినది. అందుచే 1990 దశకమున రెండు ప్రక్కలను కలిపి నడపు పద్ధతి వచ్చినది. 1893లో హిస్ పండితుడు వర్ణించిన సహజమార్గమునే తీగతో తట్టు పద్ధతియు నేడు కలదు. నాకు ముచ్చటైనది ఇదియే.

ఆయాసపడు వారందరికిని ఇది పనికిరాదు. ఎడమ శాఖ చెడి, ఇ.సి.జి.లో ఆ గదుల అల 0.15 సెకండుకు మించినవారికి మేలు హెచ్చు. పాత ఇ.సి.జి. కాగితములు పారవేయక వైద్యునికి చూపుడు.