తెరమీద పొలం
(మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్నెట్‌లో కనిపించేదాన్ని ఎంతవరకు నమ్మవచ్చో నాలుగు ముక్కలు చెప్పమన్నారు. ప్రపంచం సంగతి ఎందుకు, మన పొలం సంగతే చెబుతాను.

2015లో మన ప్రభుత్వం మీభూమి వెబ్‌సైటు పెట్టింది. అడంగల్, 1-బి ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. మంచిపనే. ఇదివరకు ఒక నకలు కావాలంటే కరణంగారి అరుగుమీద పూటంతా పడిగాపులు. ఆయన రాసిందే పొలం. 1984లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసింది. కనుక పాతరోజులే బాగున్నాయని నేననను.

అయితే ఒక తేడా ఉంది. పాత లెక్కల పుస్తకంలో తప్పు దిద్దాలంటే ఒక గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం చేయాలి. గీకితే కాగితమే పట్టిచ్చేది. తెరమీద అట్లా కాదు. నిన్న రెండెకరాల నలభై సెంట్లు ఉన్నచోట ఇవాళ రెండెకరాల నాలుగు సెంట్లు ఉంటే, చూసేవాడికి మచ్చ కూడా కనపడదు. గెలాక్సీ గ్రానైట్ ఉన్న మన చీమకుర్తి నేలలో సెంటు తేడా అంటే మాటలా!

1971 నాటి పాస్‌పుస్తకాల చట్టం ప్రకారం హక్కుల రికార్డులో ఎక్కింది, తప్పని రుజువయ్యేదాకా ఒప్పే. రుజువు చేసే భారం మన నెత్తినే. కాని తహశీల్దారు ఉత్తర్వు నచ్చకపోతే, అది అందిన 60 రోజుల్లో ఆర్డీవోకు అప్పీలుంది. హక్కు తేల్చడానికి సివిల్ కోర్టుంది.

ఆ తలుపులు మూస్తే ఏమవుతుందో తెలంగాణలో చూశాం. 2020 అక్టోబరు 29న అక్కడ ధరణి మొదలైంది. రిజిస్ట్రేషను, పేరు మార్పు ఒకే పూటలో అయ్యేవి. బాగానే ఉంది. కాని ఆ ఏటి చట్టమే తహశీల్దారు, ఆర్డీవోల రెవెన్యూ కోర్టులను తీసేసింది. కంప్యూటర్‌లో తప్పుపడ్డ రైతు ఎవరికి చెప్పుకోవాలి? చిన్న దిద్దుబాటుకు కూడా కలెక్టరేటు చుట్టూ తిరిగారు. చివరకు 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది, అప్పీళ్లు మళ్లీ వచ్చాయి.

మన దగ్గర 2022 నాటి భూహక్కుల చట్టం ఇంకొక అడుగు వేసింది. రిజిస్టరులో ఎక్కినదానిమీద రెండేళ్లలో అభ్యంతరం రాకపోతే అదే తిరుగులేని హక్కు అన్నారు. మంచాన పడ్డ ముసలివాడు, దూరదేశంలో ఉన్న కొడుకు ఆ రెండేళ్లలో చూసుకోగలరా? 2024లో దాన్ని రద్దు చేయడం సబబే అని నా అభిప్రాయం.

ఇప్పుడు మన పిల్లలు బెంగుళూరులోనో డాలస్‌లోనో కూర్చుని ఫోనులో చూసి, "నాన్నా, అంతా సరిగానే ఉంది" అంటారు. దేనితో సరిచూశారు? దస్తావేజులో విస్తీర్ణమెంతో, ఉత్తరపు హద్దు ఎవరిదో వాళ్లకు తెలియదు. అది తెలిసినవాళ్లం మనమే. పండక్కి వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని దస్తావేజు, పాస్‌పుస్తకం, ఈసీ ముందు పెట్టుకోండి. సర్వే నంబరు, సబ్ డివిజన్, తండ్రిపేరు, సెంట్లు ఒక్కొక్కటే తెరమీది దానితో చదివి పోల్చండి. ఒక ప్రతి తీసి తేదీ వేసి దాచండి.

తేడా కనిపిస్తే నోటిమాటగా చెప్పి రాకండి. అర్జీ ఇచ్చి రసీదు పుచ్చుకోండి. అర్జీ రాయడం కష్టమైనవాళ్లు కాగితాలు పట్టుకుని మన సంఘం ఆఫీసుకు రండి, నేను రాసిపెడతాను.