ఇల్లు మారే ఖర్చు: గుమ్మానికీ ట్రక్కుకీ మధ్య దూరం

ఈ వారం ఇల్లు మారడం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ఆస్ట్రేలియా వచ్చిన మనవాళ్లలో ఈ పని తప్పినవాళ్లు అరుదు. సిడ్నీలో అయితే మొదట వెస్ట్‌మీడ్, హారిస్ పార్క్, వెంట్‌వర్త్‌విల్ వైపు రెండు గదుల యూనిట్ అద్దెకు తీసుకుంటాం. పిల్లలు పుట్టి, అమ్మానాన్నలు వచ్చి వెళ్లడం మొదలయ్యాక ఇంకాస్త పెద్దది చూస్తాం. ఆ తర్వాత షోఫీల్డ్స్, మార్స్‌డెన్ పార్క్ లాంటి చోట సొంత ఇల్లు. మెల్‌బోర్న్ వాళ్లు టార్నీట్, పాయింట్ కుక్ అనుకోండి. నేను ఇప్పటికి నాలుగు ఇళ్లు మారాను. స్నేహితుల సామాన్లు మోసిన సందర్భాలకైతే లెక్కే లేదు.

రిమూవలిస్టుకి ఫోన్ చేయగానే మనం చెప్పేది రెండు ముక్కలు: ఎన్ని బెడ్‌రూములు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి. వెస్ట్‌మీడ్ నుంచి వెంట్‌వర్త్‌విల్ అంటే పక్కపక్క స్టేషన్లే కదా, రెండు గంటల పని అనుకుంటాం. సాయంత్రం బిల్లు చూసేసరికి కళ్లు తిరుగుతాయి. ఊళ్లో చేసే మార్పుల్లో సంగతేమిటంటే, ఖర్చు తేల్చేది రోడ్డు మీద కిలోమీటర్లు కాదు. ఇంటి గుమ్మానికీ ట్రక్కు ఆగిన చోటుకీ మధ్య ఉన్న మీటర్లు.

ఇక్కడ ఊళ్లో సామాన్లు మార్చేవాళ్లు ఎక్కువగా గంట లెక్కన తీసుకుంటారు. కనీసం ఇన్ని గంటలు అనే షరతు ఉంటుంది. దాని మీద వాళ్ల డిపో నుంచి వచ్చి వెళ్లే సమయానికి కొంత వేస్తారు. ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. అంకెలు ఊహించుకున్నవే కానీ లెక్క నిజమే. ఇద్దరు మనుషులు, ఒక ట్రక్కు, గంటకు 180 డాలర్లు అనుకోండి. రెండు గదుల యూనిట్‌లో పెట్టెలు, కుర్చీలు, మంచాలు కలిపి 150 సార్లు మోయాలి. అంటే ఒక్కొక్కరు 75 సార్లు. ట్రక్కు గుమ్మం ముందు కాకుండా 60 మీటర్ల దూరంలో ఆగిందనుకోండి. పోనూ రానూ 120 మీటర్లు. బరువుతో నడిచే మనిషికి రెండు నిమిషాలు పడుతుంది. 75 సార్లకి 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. దాని ఖరీదు 450 డాలర్లు. ఇది ఒక్క చివర లెక్కే. దించే చోట కూడా అదే పరిస్థితి అయితే 900. ఆ డబ్బుతో ఒక్క పెట్టె కూడా అదనంగా కదల్లేదు, ఉత్త నడకకే పోయింది.

ఇక మెట్లు. హారిస్ పార్క్, వెస్ట్‌మీడ్ చుట్టుపక్కల ఎర్ర ఇటుకల మూడంతస్తుల పాత యూనిట్లు మీరంతా చూసే ఉంటారు. చాలావాటికి లిఫ్ట్ లేదు. మెట్లు ఇరుకు, మధ్యలో మలుపులు. పై అంతస్తు నుంచి ఫ్రిజ్ దించాలంటే ఒక్కో మలుపు దగ్గరా ఆగి, తిప్పుకుని దిగాలి. కొందరు అంతస్తుకి ఇంత అని విడిగా తీసుకుంటారు, కొందరు మూడో మనిషి కావాలంటారు. ముందే చెబితే ముగ్గురు వస్తారు. గంట రేటు పెరిగినా పని త్వరగా తెములుతుంది. చెప్పకపోతే ఇద్దరే వచ్చి సాయంత్రం దాకా ఆపసోపాలు పడతారు, మీటరు మీ మీద తిరుగుతూనే ఉంటుంది.

లిఫ్ట్ ఉన్న పెద్ద భవనాలైతే హాయి అనుకుంటాం. అక్కడ చిక్కు వేరే. స్ట్రాటా నియమాల ప్రకారం చాలా భవనాల్లో ముందుగా బిల్డింగ్ మేనేజరుకి చెప్పి లిఫ్ట్ బుక్ చేసుకోవాలి. లోపల గోడలకి దళసరి గుడ్డలు కడతారు, కొన్నిచోట్ల డిపాజిట్ కట్టించుకుంటారు. శని ఆదివారాలు కుదరదనే భవనాలూ ఉన్నాయి. బుకింగ్ లేకుండా ట్రక్కు వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు. ఖాళీ చేసే చోట లిఫ్ట్, చేరే చోట లిఫ్ట్, రెండింటి వేళలూ కలవాలి. మొదటిచోట గంట ఆలస్యమైతే రెండోచోట మీ వంతు అయిపోతుంది. సామాన్లు ఆ రాత్రికి ట్రక్కులోనే ఉండిపోతే దానికో చార్జీ. పాత ఇంటి తాళాలు ఇవ్వడం ఆలస్యమైతే అద్దె కూడా పెరుగుతుంది.

భవనం కింద పార్కింగ్ ఉంది కదా, ట్రక్కు లోపలికే వస్తుందిలే అనుకోవద్దు. భూగర్భ పార్కింగుల్లో ఎత్తు చాలాచోట్ల 2.2 మీటర్ల దగ్గరే ఉంటుంది. సామాన్ల ట్రక్కులు సాధారణంగా అంతకంటే ఎత్తు. సొంతంగా ట్రక్కు అద్దెకు తీసుకునేవాళ్లు ఈ ఎత్తు సంగతి మరీ జాగ్రత్తగా వినాలి. న్యూ సౌత్ వేల్స్‌లో మామూలు కారు లైసెన్సుతో మొత్తం బరువు 4.5 టన్నుల దాకా ఉన్న వాహనం నడపొచ్చు. నలుగురు స్నేహితుల్ని పిలిచి, బిర్యానీ పెట్టి పని కానిచ్చేయడం మనకి అలవాటే. కానీ నడిపే మనిషికి అలవాటైంది కారు ఎత్తు. మెల్‌బోర్న్‌లో మాంటెగ్యూ స్ట్రీట్ వంతెన సంగతి తెలిసిందే. దాని ఎత్తు 3 మీటర్లు. ఎన్ని హెచ్చరిక బోర్డులు పెట్టినా ట్రక్కులు వెళ్లి గుద్దుకుంటూనే ఉన్నాయి, 2016లో ప్రయాణికులతో ఉన్న బస్సే గుద్దుకుంది. అద్దె ట్రక్కుల ఒప్పందాల్లో పైకప్పుకి తగిలే దెబ్బలు ఇన్సూరెన్స్ కిందకి రావని చాలావాటిలో రాసి ఉంటుంది. సంతకం పెట్టే ముందు ఆ ముక్క వెతికి చదవండి.

వీధిలో ఆపడానికి వద్దాం. న్యూ సౌత్ వేల్స్ నిబంధనలే చెబుతున్నాను, మిగతా రాష్ట్రాలవాళ్లు తమవి చూసుకోవాలి. "నో స్టాపింగ్" అంటే అసలు ఆపకూడదు. "నో పార్కింగ్" అంటే సామాను దించుకోవచ్చని కొందరు ధైర్యం చెబుతారు. నిజమే, కానీ రెండు నిమిషాలు మాత్రమే, అదీ బండికి మూడు మీటర్ల లోపు ఉండి. రెండు నిమిషాల్లో సోఫా గుమ్మం కూడా దాటదు. లోడింగ్ జోన్‌లో ట్రక్కు ఆపవచ్చు, బోర్డు మీద వేరే సమయం లేకపోతే 30 నిమిషాలు. బరువు 4.5 టన్నులు దాటినా, పొడవు 7.5 మీటర్లు దాటినా అలాంటి వాహనాన్ని ఇళ్ల మధ్య రోడ్డు మీద గంటకు మించి ఉంచకూడదు. సామాన్లు ఎక్కిస్తూనో దించుతూనో ఉంటే మినహాయింపు ఉంది. రాత్రంతా ఇంటిముందు నిలపడానికి మాత్రం లేదు.

మరి ఏం చేయాలి? అన్నిటికంటే చవకైన ఉపాయం మీ కారే. గుమ్మం ముందు పార్కింగ్ చట్టబద్ధమైన చోటైతే ముందు రోజు రాత్రి మీ కారు, కుదిరితే మీ స్నేహితుడి కారు కూడా అక్కడ పెట్టండి. ట్రక్కు రాగానే తీసేయండి. సమయం పరిమితి ఉన్న చోటైతే బోర్డు చదివి పెట్టండి. ఎదురింటివాళ్లకి, పక్కింటివాళ్లకి ఒక మాట చెప్పండి, మంచిగా అడిగితే చాలామంది తమ కారు జరుపుతారు. కౌన్సిల్‌కి ఫోన్ చేసి తాత్కాలిక అనుమతి ఏమైనా ఇస్తారా అని అడగండి. కొన్ని కౌన్సిళ్లు ఇస్తాయి, కానీ ముందుగా దరఖాస్తు పెట్టాలి.

కొత్త సబర్బుల్లో సొంత ఇంటికి వెళ్లేవాళ్లకి ఇవేవీ ఉండవనుకోకండి. అక్కడ వీధులు సన్నం, రెండువైపులా కార్లు. కొన్ని ఇళ్లకి గరాజు వెనక సందులో ఉంటుంది, పెద్ద ట్రక్కు తిరగదు. ఒక స్థలం వెనక ఇంకో ఇల్లు ఉండి, పొడుగాటి డ్రైవ్‌వే ఉంటే ట్రక్కు లోపలికి రాదు, పక్కవాళ్ల దారికి అడ్డం పెట్టకూడదు. అలాంటప్పుడు చిన్న ట్రక్కు అడగడం మేలు. రెండు ట్రిప్పులు వేసినా దూరం మోసేకంటే తక్కువే పడవచ్చు. ఇండియా నుంచో అమెరికా నుంచో కంటైనర్‌లో సామాన్లు తెప్పించుకునేవాళ్లు కూడా ఒప్పందంలో ఈ మాట చూడండి. కంటైనర్ ఇంటిదాకా రాలేకపోతే చిన్న బండిలోకి మార్చే ఖర్చు ఎవరిదో అందులో ఉండాలి. అలాగే సిడ్నీ టోల్ రోడ్లలో చాలావాటి మీద 2.8 మీటర్ల ఎత్తు దాటిన వాహనానికి కారుకి అయ్యేదానికి మూడు రెట్లు పడుతుంది. అది రేటులో కలిసిందో లేదో అడగండి.

ఇక మన ముహూర్తాల సంగతి. ఆషాఢం దాటి శ్రావణం రాగానే మంచి శనివారం ఒకటి దొరికితే, మనవాళ్లందరికీ ఆ రోజే ట్రక్కు కావాలి. పంతులుగారు తెల్లవారుజామున పెట్టిన ముహూర్తానికి బిల్డింగ్ మేనేజరు లిఫ్ట్ ఇవ్వడు. రెండింటినీ ముడిపెట్టనక్కర్లేదు. దేవుడి పటం, దీపం, పాలగిన్నె, బియ్యం, పసుపు కుంకుమ మీ కారులో పడతాయి. ముహూర్తానికి వాటితో వెళ్లి పాలు పొంగించుకోండి. మంచాలు, సోఫాలు ఆ వారంలో లిఫ్ట్ దొరికిన రోజు వస్తాయి. మా అత్తగారికి ఈ మాట చెబితే, "లోపలికి వెళ్లాల్సింది దేవుడూ, దీపమూ. సోఫాకి ముహూర్తం దేనికి నాయనా" అన్నారు. ఆవకాయ జాడీలు కూడా ఆ కారులోనే పెట్టుకోండి.

రేటు అడిగే ముందు రెండు ఇళ్ల దగ్గరా టేపు పట్టుకుని ఒకసారి నడవండి. ట్రక్కు ఆగే చోటు నుంచి గుమ్మానికి ఎన్ని మీటర్లు, ఎన్ని మెట్లు, తలుపు, లిఫ్ట్ ఎంత వెడల్పు, అన్నీ రాసి ఫోటోలతో సహా ఈమెయిల్ చేయండి. మెట్లకి, దూరానికి, నిరీక్షణకి విడిగా తీసుకుంటారా, జీఎస్టీ కలిసిందా, పార్కింగ్ జరిమానా పడితే ఎవరిది అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. ఆ కాగితం ఉంటే తర్వాత మాట మారినప్పుడు మీకో ఆధారం ఉంటుంది. 2011 నుంచి అమల్లో ఉన్న ఆస్ట్రేలియన్ వినియోగదారుల చట్టం ప్రకారం సేవ చేసేవాళ్లు తగిన జాగ్రత్తతో, నైపుణ్యంతో చేయాలి. తగువు వస్తే న్యూ సౌత్ వేల్స్‌లో ఫెయిర్ ట్రేడింగ్‌కి, విక్టోరియాలో కన్స్యూమర్ అఫైర్స్‌కి ఫిర్యాదు చేయవచ్చు.

కొత్తగా వచ్చిన కుటుంబానికి నాలుగైదు వందల డాలర్లంటే ఒక వారం అద్దెలో పెద్ద భాగం. పైగా అది చెమటోడ్చి మోసే మనిషికి మనం ఎగ్గొట్టాల్సిన డబ్బు కాదు, అతని నడక తగ్గిస్తే మనకి మిగిలే డబ్బు. దగ్గరలో ఇల్లు మారబోయేవాళ్లు మీ ఎరుకలో ఉంటే ఈ సంగతులు వాళ్ల చెవిన వేయండి.