కంప్యూటరులో మన పుట్టినరోజు

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నెల కిందట కార్యదర్శి గారు ఫోను చేసి, "చివరి పన్నెండేళ్ళు మీరు కంప్యూటర్ సెక్షన్‌లోనే ఉన్నారు కదా, ఏదైనా మాట్లాడండి. డి.ఎ. లెక్కలు మాత్రం వద్దు, అవి చెప్పేవారు వేరే ఉన్నారు" అన్నారు. భోజనాల ముందు ఇరవై నిమిషాలు ఇచ్చారు. నేను డేటాబేస్‌ల గురించీ, వాటిని తెర మీద బొమ్మలుగా, గడులుగా చూపించి నడిపించే పనిముట్ల గురించీ మాట్లాడదామని వచ్చాను. ఆ మాట వినగానే వెనక వరుసలో ఇద్దరు కాఫీకి లేవబోతున్నారు. దయచేసి కూర్చోండి. ఇది మన పెన్షన్ సంగతే.

మా రోజుల్లో పెన్షన్ రిజిస్టరంటే రెండు చేతులతో ఎత్తవలసిన పుస్తకం. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. పి.పి.ఓ. నంబరు, పేరు, పుట్టిన తేదీ, రిటైరైన తేదీ, భార్య లేక భర్త పేరు. ఏదైనా దిద్దవలసి వస్తే ఎర్ర సిరాతో కొట్టేసి, పైన రాసి, పక్కన అధికారి పొట్టి సంతకం పెట్టేవారు. పదేళ్ళ తరువాత తీసి చూసినా కొట్టేసిన అక్షరం కింద కనిపిస్తూనే ఉండేది. ఈ ఎర్ర సిరా సంగతి కొంచెం గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

1970లో, ఐ.బి.ఎం. సంస్థలో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ అనే ఇంగ్లీషాయన ఒక వ్యాసం రాశారు. గణితం చదువుకున్న మనిషి. ఎంత పెద్ద సమాచారమైనా అడ్డువరుసలు, నిలువు వరుసలు ఉన్న పట్టికలుగా పెట్టుకోవచ్చు, ఒక పట్టికకూ ఇంకో పట్టికకూ ఉమ్మడిగా ఉన్న నంబరుతో ముడి వెయ్యవచ్చు, ఏ సమాచారం ఎక్కడ దాగి ఉందో మనిషి చెప్పనక్కరలేదు, ఏం కావాలో చెబితే చాలు అన్నది ఆయన మాట. పెన్షనర్ల పట్టిక ఒకటి, ఫ్యామిలీ పెన్షన్ పట్టిక ఒకటి, రెండింటినీ కలిపేది పి.పి.ఓ. నంబరు. అంతే. 1974లో అదే సంస్థలోని చాంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు ఇటువంటి పట్టికలను ప్రశ్నలు అడగటానికి ఒక భాష తయారు చేశారు. అదే తరువాత ఎస్.క్యూ.ఎల్. అయింది.

కాని భాష అంటే నేర్చుకోవాలి కదా! గుమాస్తాకు తీరికేదీ? అందుకని 1970ల మధ్యలోనే మోషే జ్లూఫ్ అనే ఇంకొకాయన, ఆయనదీ ఐ.బి.ఎం.మే, తెర మీద ఖాళీ పట్టిక చూపించి, కావలసినదాన్ని నమూనాగా గడిలో నింపితే అటువంటివన్నీ తెచ్చిపెట్టే పద్ధతి కనిపెట్టారు. బొమ్మల పనిముట్లకు అది తాతగారు అనుకోండి. 1992లో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ వచ్చేసరికి ఆ తరహా గడులు మామూలు బల్ల మీది కంప్యూటర్ దాకా వచ్చేశాయి. ఇవాళ ఒరాకిల్ వారి ఎస్.క్యూ.ఎల్. డెవలపర్, మైక్రోసాఫ్ట్ వారి మేనేజ్‌మెంట్ స్టూడియో, ఉచితంగా దొరికే పీజీ అడ్మిన్, పీహెచ్‌పీ మైఅడ్మిన్, డీబీవర్ అని బోలెడున్నాయి. మీ ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మనవడో మనవరాలో ఉంటే అడగండి, వీటిలో ఏదో ఒకటి వాళ్ళ కంప్యూటర్‌లో ఉండకపోదు.

తెరిస్తే ఏం కనిపిస్తుందంటే, ఎడమ పక్కన వంశవృక్షంలాగా కొమ్మలు. సర్వరు, దాని కింద డేటాబేస్, దాని కింద పట్టికల పేర్లు. ఒక పేరు మీద నొక్కితే కుడి పక్కన గడుల్లో వేల మంది వివరాలు. పైన ప్రశ్న రాసుకునే చోటు. అవసరమైతే పట్టికల మధ్య ముడులన్నీ గీతలతో పటం గీసి చూపిస్తుంది. కావాలంటే గడిలోకి వెళ్ళి, ఉన్నది చెరిపి కొత్తది కొట్టి, భద్రపరచు అని నొక్కితే అయిపోయింది. నిజం చెబుతున్నాను, మొదటిసారి చూసిన రోజున నాకు చేతిలో పుస్తకం తెరిచినట్టే అనిపించింది. అంతకు ముందు నల్లటి తెర మీద ఒక్కో ఆజ్ఞా కొట్టి, జవాబు కోసం ఎదురు చూసిన వాళ్ళం మరి.

ఆ ముచ్చటలోనే చిక్కు ఉంది. గుమాస్తాలు రోజూ వాడే ఎంట్రీ ఫారం వేరు. అందులో పుట్టిన తేదీ తప్పుగా కొడితే 'ఇది కుదరదు' అంటుంది, ముందుకు పోనివ్వదు. అది ఇంటి ముందు గుమ్మం, అక్కడ కాపలా ఉంటుంది. నేను చెప్పే ఈ పనిముట్లు దొడ్డి గుమ్మం. తాళం చెవి ఉన్నవాడు తిన్నగా పట్టిక దగ్గరికే పోతాడు. ఫారంలో పెట్టిన కాపలా ఏదీ అక్కడ పనిచెయ్యదు.

ఇప్పుడు నా కథ చెబుతాను. ఏ ఆఫీసు అన్నది వద్దు, తెలిసినవారికి తెలుస్తుంది.

ఆరవ వేతన సంఘం తరువాత, 2008 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వులు ఇచ్చింది, మీకందరికీ గుర్తే. 80 ఏళ్ళు నిండితే మూల పెన్షన్ మీద 20 శాతం అదనం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్ళకు నూటికి నూరు. మా సెక్షన్‌లో 80 నిండినవారి జాబితా తీశాం. ఒక్క ప్రశ్న, నిమిషంలో జాబితా. రిజిస్టర్లయితే నెల పట్టేది. టీ తెప్పించుకుని తాగాం కూడాను.

డిసెంబరులో ఒకావిడ వచ్చింది. "సార్, మా మామగారికి జూన్‌లోనే ఎనభై నిండాయి. పక్కింటి వారికి పెరిగింది, మాకు రాలేదు" అంది. రెండు బస్సులు మారి వచ్చానంది. పి.పి.ఓ. నంబరు తీసుకుని నేనే తెర మీద చూశాను. పుట్టిన తేదీ గడిలో 12, జూన్, 28 అని ఉంది. 1928 జూన్ 12. ఆవిడ చెప్పిందీ అదే. "మా దగ్గర తేదీ సరిగానే ఉందమ్మా, జాబితా విడతలుగా వస్తుంది, వచ్చే నెల చూసుకోండి" అని పంపించేశాను. జాబితా విడతలుగా రావటం లేదు. ఆ మాట నేను కల్పించి చెప్పాను. ఎందుకు చెప్పానంటే, కళ్ళ ఎదుట తేదీ సరిగా కనిపిస్తుంటే ఇంకేం వెతకాలో నాకు తోచలేదు.

ఫిబ్రవరిలో ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి మాటల్లో కొంచెం పదును ఉంది, ఉండదూ మరి! నా పక్కన కొత్తగా చేరిన కుర్రాడొకడు ఉన్నాడు. "సార్, ఒక్కసారి ఆయన వయసు లెక్క కట్టమని దాన్నే అడుగుదాం" అని ఒక చిన్న ప్రశ్న కొట్టాడు. జవాబు మైనస్ పందొమ్మిది అని వచ్చింది.

తేదీని నాలుగంకెల సంవత్సరంతో చూపించమన్నాడు. 2028 అని వచ్చింది.

జరిగింది ఏమిటంటే, ఆ పెద్దాయన తేదీ మొదట్లో 12కి బదులు 21 అని పడింది. 2006లో ఆయనే అర్జీ పెట్టుకుంటే దిద్దాం. ఎంట్రీ ఫారంలో దిద్దటానికి రెండు మూడు మెట్లు ఎక్కాలి. అందుకని పనిముట్టు తెరిచి, గడిలో నేరుగా కొట్టేశారు. సంవత్సరానికి రెండంకెలే కొట్టారు. రెండంకెలు వస్తే చాలా డేటాబేస్‌లకు ఒక ఆనవాయితీ ఉంది: 49 వరకు ఉంటే ముందు 20 చేర్చుకుంటాయి, 50 నుంచి 19 చేర్చుకుంటాయి. 28కి 20 చేరింది. తెర మీద చూపించేటప్పుడు మళ్ళీ రెండంకెలే చూపించింది. దిద్దినవారు చూసుకున్నారు, సరిగానే ఉంది. నేను చూశాను, సరిగానే ఉంది. లోపల మాత్రం ఆయన ఇంకా పుట్టలేదు.

అలా గడిలో దిద్దినవి ఇంకెన్ని ఉన్నాయో ఆ సాయంత్రమే వెతికాం. 41 దొరికాయి. అందులో 80 దాటినవారు ఆరుగురు. ఐదుగురికి బకాయితో సహా మార్చిలో చేరింది. ఆరో ఆయన జనవరిలోనే పోయారు. బకాయి ఆయన భార్య పేరున మంజూరైంది. ఆ కవరు టపాలో వెయ్యకుండా నేనే ఇంటికి తీసుకువెళ్ళాను. ఆవిడ నాకు మజ్జిగ ఇచ్చింది. ఎందుకు ఆలస్యమైందో చెప్పాను. ఆవిడకు డేటాబేస్ సంగతి అర్థమైందో లేదో తెలియదు కాని, "పోయేముందు ఆయన రోజూ అడిగేవారు బాబూ, వచ్చిందా అని" అంది. అంతకన్నా ఒక్క మాట అనలేదు.

మొదటి పెద్దాయన మాత్రం తన బకాయి చేరిన తరువాత కోడలిని వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చారు. "ఏం నాయనా, అదేదో చూపించు" అన్నారు. దిద్దకముందు ముద్రించి ఫైలులో పెట్టుకున్న కాగితం చూపించాను. కళ్ళజోడు సవరించుకుని చదివి, "అయితే నేను ఇంకా పుట్టనే లేదన్నమాట. మరి ఏటా నవంబరులో నా చేత లైఫ్ సర్టిఫికెట్ ఎట్లా తీసుకున్నారయ్యా?" అన్నారు. సెక్షన్ అంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

తరువాత మేము మూడు పనులు చేశాం. పుట్టిన తేదీ ఉద్యోగంలో చేరిన తేదీ కన్నా ముందు ఉండి తీరాలని పట్టికకే ఒక నియమం పెట్టాం. ఈ నియమం ఫారంలో కాదు, పట్టికలోనే ఉంటుంది కాబట్టి ముందు గుమ్మంలో వచ్చినా, దొడ్డి గుమ్మంలో వచ్చినా ఒప్పుకోదు. రెండోది, ఏ గడి మారినా పాత విలువ, కొత్త విలువ, ఎవరు, ఎప్పుడు అన్నది ఇంకో పట్టికలో దానంతట అదే రాసుకునేట్టు చేశాం. అదే మన ఎర్ర సిరా! కంప్యూటర్ వచ్చిన మోజులో మేము పారేసుకున్నది అదే. మూడోది, చూడటానికి మాత్రమే అవసరమున్నవారికి చూసే హక్కే ఇచ్చి, దిద్దే హక్కు ఇద్దరికి కుదించాం. ఈ మూడోదానికి సెక్షన్‌లో కొంత అలక వచ్చింది. వచ్చినా సరే అన్నాను.

ఇంకో ప్రమాదం కూడా చెప్పి ముగిస్తాను. ఈ పనిముట్లలో చాలావాటికి ఒక గుణం ఉంది. మనం రాసుకున్న ఆజ్ఞలో కొంత భాగాన్ని మౌస్‌తో ఎంచుకుని నడిపిస్తే, ఆ ఎంచుకున్న భాగమే నడుస్తుంది. 'ఫలానా మొత్తం మార్చు' అనేది మొదటి వరుస, 'ఫలానా నంబరు వారికి మాత్రమే' అనేది రెండో వరుస అనుకోండి. చెయ్యి వణికి మొదటి వరుసే ఎంచుకుంటే? అందరికీ మారిపోతుంది. ఆ పని చేసినవాణ్ణి నేను ఎరుగుదును, ఆయన ఇవాళ మీ ముందు మాట్లాడుతున్నాడు. ముందు రోజు రాత్రి తీసిన బ్యాకప్ ఉంది కాబట్టి బతికిపోయాం. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఇటువంటి ఆజ్ఞను నడవనివ్వని ఏర్పాటు ఒకటి ఉంది. దానికి తయారుచేసినవారు పెట్టిన రెండో పేరు 'నేనొక మొద్దుని' అని. వేళాకోళం కాదు, నిజంగానే. పనివాడు సిగ్గు పడకుండా పెట్టుకోవలసిన బిరుదే అది.

పనిముట్లను తిడుతున్నానని అనుకోకండి. పట్టికల ముడులను పటంగా గీసి చూపించే వసతి లేకపోతే, మా ఫ్యామిలీ పెన్షన్ పట్టికకూ పెన్షనర్ల పట్టికకూ మధ్య అసలు ముడే వెయ్యలేదన్న సంగతి మాకు తెలిసేది కాదు. పటంలో రెండు డబ్బాలు, మధ్యన గీత లేదు. ఒక్క చూపులో కనిపించింది. నంబరులో ఒక అంకె తప్పు పడి ఏ పెన్షనరుకూ చెందకుండా వేలాడుతున్న వితంతువుల పేర్లు అలాగే బయటపడ్డాయి. కాగితం మీద ఆజ్ఞలు చదివితే ఎన్నాళ్ళకు దొరికేవో.

ఇక మన సంఘం సంగతి. ఈ ఏడాది సభ్యుల జాబితా కంప్యూటర్‌లోకి ఎక్కించాం, చూసుకునే పని కార్యదర్శి గారు నా నెత్తిన పెట్టారు. తేదీలన్నీ నాలుగంకెల సంవత్సరంతోనే ఉంటాయి. దిద్దే హక్కు నాకూ, కోశాధికారి గారికీ మాత్రమే. ప్రతి ఆదివారం బ్యాకప్ తీస్తున్నాను. గుమ్మం పక్కన బల్ల మీద ఒక్కొక్కరి వివరాలు ముద్రించిన కాగితాలు ఇంటిపేరు వరుసలో పెట్టించాను. భోజనానికి వెళ్ళేముందు ఎవరిది వారు తీసుకుని పుట్టిన తేదీ, జీవిత భాగస్వామి పేరు, పి.పి.ఓ. నంబరు సరిచూసి, తప్పుంటే దిద్ది, సంతకం చేసి నాకు ఇవ్వండి. పక్కన నాలుగు పెన్నులు పెట్టాను. నాలుగూ ఎర్రవే.