మిషను ఆగేదాకా ఆగండి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను స్పిన్నింగు మిల్లులో, కార్డింగు డిపార్టుమెంటులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. అనుభవాలు చెప్పమన్నారు. నేను చేసిన ఒక తప్పు చెబుతాను.

జాబరుగా ఉన్న రోజుల్లో, ఒక రాత్రి షిఫ్టులో, కుర్రవాడొకడు కార్డింగు మిషనులో పేరుకున్న దూది తుక్కు తీయడానికి స్విచ్ కట్టాడు. పక్కన నిలబడ్డాడు. "ఎంతసేపు చూస్తావోయ్, కానీ!" అన్నాను. మూత తెరిచి చెయ్యి పెట్టాడు.

కార్డింగు సిలిండరు చాలా బరువైనది. కరెంటు తీసినా కొన్ని నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది. ఒంటినిండా సన్నని ఉక్కు పళ్లు. వేగంలో అవి కంటికి ఆనవు, నున్నగా నిలిచి ఉన్నట్టే కనబడుతుంది. కుర్రవాడికి కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. విచారణ కాగితంలో "కార్మికుని అజాగ్రత్త" అని రాశారు. కింద నేనూ సంతకం పెట్టాను.

అజాగ్రత్త అతనిది కాదు. మిషను ఆగితే ఉత్పత్తి తగ్గుతుంది, తగ్గితే జాబరును అడుగుతారు. ఆ భయం నాది, వేళ్లు అతనివి.

చట్టం లేక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షను ప్రకారం, కదిలే భాగాల వల్ల దెబ్బ తగిలే అవకాశం ఉంటే స్త్రీలచేత, పద్దెనిమిదేళ్లు నిండనివారిచేత మిషను శుభ్రం చేయించకూడదని ఉండేది. నడుస్తుండగానే పరీక్షించడం, నూనె వేయడం తప్పనిసరైతే, ప్రత్యేక శిక్షణ పొంది, రిజిస్టరులో పేరున్న వయోజన పురుషుడే, బిగుతు దుస్తులతో చేయాలని ఉండేది. మా గోడ మీద ఆ నిబంధనలు వేలాడేవి. మేము వాటి కిందనే తొందరపెట్టేవాళ్లం.

మన పిల్లలు, మనవలు ఇప్పుడు ఫ్యాక్టరీలలో ఉన్నారు. వారికి మూడు మాటలు చెప్పండి. స్విచ్ కట్టి తాళం వేసి, తాళంచెవి శుభ్రం చేసేవాడి దగ్గరే ఉంచుకోవాలి. మిషను పూర్తిగా ఆగిందని నిర్ధారించుకున్నాకే మూత తీయాలి. తిరిగే రోలర్ల దగ్గరకు గుడ్డపీలిక కూడా పోనివ్వకూడదు. దాని అంచు చిక్కితే, వదిలేలోగా చేతిని లాక్కుపోతుంది. సూపర్‌వైజర్లయిన వారికి నాలుగో మాట: ఆగి నిలబడ్డవాణ్ణి తొందరపెట్టవద్దు.

ఆ కుర్రవాడు ఇవాళ మన సంఘ సభ్యుడు. ఎడమచేత్తో సంతకం చేస్తాడు. అతని అనుమతితోనే ఇదంతా చెప్పాను. ఆనాడు నేను పెట్టిన సంతకం తప్పని మీ అందరి ముందూ ఒప్పుకుంటూ, సెలవు తీసుకుంటున్నాను.